ఘంటసాలవారి పాట, పద్యము

సంగీతమును మన పూర్వులు మార్గమనియు దేశియనియు రెండు తెరగుల చెప్పిరి. మార్గము నియమబద్ధము, దేశి ఆయా సీమల జనులది. 13వ శతాబ్దమున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు దేశికి చెప్పిన ప్రధానలక్షణము జనరంజకత్వము. ఆ శాస్త్రకారుడు దేశిని చిన్నచూపు చూడలేదు. ఈ సంగతిని మొదటనే మనవి చేయుటకు కారణము కలదు. నేటి సినిమాపాట, రేడియోలోని లలితగీతము, పడమటి దేశములవారు పాప్ అని పిలుచు జనప్రియగీతము, ఇవి యన్నియు దేశి సంతతిలోనివే. అయినను నావంటి పాతచదువు చదివినవారిలో పలువురు సినిమా పాటగాడనగానే పెదవి విరుతురు. ఆ పాటలలో విరువదగినవి లేవని నేను చెప్పను. కాని ఆ పాటగాండ్రలో ఒకరు మన తెలుగు పద్యమునకు చేసిన ఉపకారము, ఈ నూరేండ్లలో ఏ విద్యాపీఠమును చేయలేదని నా నమ్మకము. వారు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. వారి గానచరిత్రమును గూర్చి, అందును ముఖ్యముగా వారి పద్యపఠనమును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

వేంకటేశ్వరరావుగారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు భజనగోష్ఠులలో తరంగములు పాడెడివారు. నారాయణతీర్థులవారి తరంగములను పాడుట మీలో పెద్దలు వినియే యుందురు. ఆ తండ్రి పాడుచుండగా పసివాడు అడుగులు వేసెడివాడట. కొడుకునకు పదునొకండేండ్లు వచ్చునప్పటికి తండ్రి గతించెను. పోవుచు పోవుచు సంగీతము నేర్చుకొమ్మని చెప్పి పోయెను. కుటుంబభారము మేనమామపై పడెను. బాలునకు ఆస్తియు లేదు, తోడును లేదు. తండ్రి మాట మాత్రము మిగిలెను.

ఆ దినములలో తెలుగునాట దరిద్రుడైన బాలునకు సంగీతము శాస్త్రోక్తముగా లభించు చోటు ఏది? అట్టిది మన ఉత్తరాంధ్రమున నుండెను. 1919వ సంవత్సరమున విజయనగర మహారాజావారు ఒక సంగీతకళాశాలను నెలకొల్పిరి. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. వారి వెనుక వాయులీన విద్వాంసులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పదవి నలంకరించిరి. మా విశాఖపట్టణమునకు విజయనగరము దవ్వు కాదు కనుక ఆ కళాశాల పేరు మాకు ఇంటిపేరువంటిది. సాలూరు రాజేశ్వరరావుగారు పుట్టిన ఊరును ఆ సీమలోనిదే. పులపాక సుశీలగారు పుట్టినదియు, సంగీతము నేర్చినదియు ఆ విజయనగరముననే. తెలుగు సినిమా సంగీతమున మంచినీటి ఊటలు ఎక్కడివో దీనినిబట్టి మీరే యూహింపవచ్చును.

వేంకటేశ్వరరావుగారు చేతి ఉంగరము నమ్ముకొని, ఎవ్వరి యుత్తరమును లేకయే ఆ పట్టణము చేరిరి. అచ్చట పట్రాయని సీతారామశాస్త్రిగారు గాత్రాచార్యులు. సాలూరు చినగురువుగారని వారికి ప్రసిద్ధి. శాస్త్రిగారు ఆ బాలుని గొంతు విని తమ యింట చేర్చుకొనిరి. విద్య దానము చేయుటకు వారికి కొరతలేదు గాని, ఇంకొక కడుపు నింపుటకు కలిమి లేదు. కావున శిష్యుడు జోలె తగిలించుకొని మధుకరమునకు బయలుదేరవలసివచ్చెను. తుమ్మెద పూవు పూవునకు పోయి ఇంచుకంత తేనె తెచ్చుకొనునట్లు ఇంటింట ఒక ముద్ద తెచ్చుకొనుట మధుకరము. వేదము చదువు వటువులకు ఇది అవమానము కాదు. అట్లని సుఖమును కాదు. వేళకు గుమ్మమున నిలిచి పిలువవలెను. ఒక యింట పెట్టుదురు, ఒక యింట కసరుదురు. నా గురువుగారి తరమువారు ఈ అనుభవము చెప్పుచు నవ్వెడివారు గాని, ఆ నవ్వులో సగము ఏడుపే.

ఆ గురుకులమున అబ్బినది సరళీస్వరములు, వర్ణములు, కృతులు మాత్రమే కాదు. సీతారామశాస్త్రిగారు భావమునకు, అక్షరమునకు ప్రాధాన్యమిచ్చు గాయకులు. పాట పాడునపుడు మాట చెడరాదు అనునది ఆ యింటి సంప్రదాయము. శిష్యుని పాటలో ఈ గుణమే తుదివరకు నిలిచినది.

1942వ సంవత్సరపు క్విట్ ఇండియా ఉద్యమమున వేంకటేశ్వరరావుగారు ఊరూర దేశభక్తిగీతములు పాడుచు పట్టుబడి, బళ్ళారి దాపునగల అలీపురము కారాగృహమున పదునెనిమిది నెలలు గడపిరి. విడుదలైన పిమ్మట 1944లో సావిత్రిగారిని వివాహమాడిరి. అత్తవారి యూరు పెదపులివర్రు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులవారిదియు ఆ యూరే. వారి సలహాచేత చెన్నపట్టణము చేరిరి. ఆచార్యులవారి యిల్లు ఇరుకు. పగలు అవకాశములకై తిరుగుటయు, రాత్రి పానగల్ పార్కులో చెట్టు క్రింద పండుకొనుటయు కొంతకాలము సాగెను. ఒక రికార్డు కంపెనీవారు ఈ గొంతు యంత్రమునకు తగదని త్రిప్పిపంపిరట! తరువాత ఆ గొంతే ఎన్ని యంత్రములను అరగదీసినదో మీకు తెలియును. మద్రాసు రేడియో కేంద్రము అప్పటికే లలితగీతములకు చోటిచ్చుచుండెను. అచ్చట వీరు పాడిరి. 1945లో వచ్చిన స్వర్గసీమ చిత్రమున భానుమతిగారితో కలిసి ఒక పాట పాడినందుకు నూటపదియారు రూప్యములు ముట్టెను.

ఇక్కడ నేపథ్యగానమనగా నేమో కొంచెము చెప్పవలసియున్నది. 1932లో తెలుగు మాటలచిత్రము వచ్చిననాడు, నటించువారే పాడవలెను. చిత్తూరు నాగయ్యగారివలె, భానుమతిగారివలె రెండును చేయగలవారు ఎందరుందురు? రూపమున్నవానికి కంఠముండదు, కంఠమున్నవానికి రూపముండదు. కావున పాటను ముందుగా వేరొకరిచేత పాడించి యంత్రమున నిలువచేసి, చిత్రము తీయునపుడు ఆ పాటను వినిపించుచు నటునిచేత పెదవులు కదలింపజేయు పద్ధతి వచ్చెను. తెరచాటున పాడుటవలన దానికి నేపథ్యగానమని పేరు. 1940 తరువాతి దశాబ్దమున ఈ పద్ధతి మనదేశమున స్థిరపడెను. వేంకటేశ్వరరావుగారు సరిగా ఆ వేళకే చెన్నపట్టణము చేరిరి.

మైక్రోఫోను చేసిన మార్పు ఇంకను పెద్దది. నాటకశాలలో వేయిమందికి వినబడవలెనన్న గాయకుడు గొంతు చించుకొనవలెను. మెల్లగా పలికిన మాట మూడవ వరుస దాటదు. మైకు ముందు ఆ బాధలేదు. నిట్టూర్పు కూడ ఊరంతయు వినును. అమెరికాదేశమున 1930 ప్రాంతముల బింగ్ క్రాస్బీ అను గాయకుడు ఈ రహస్యమును కనిపెట్టి, చెవిలో చెప్పినట్లు మెత్తగా పాడి లోకమును వశపరచుకొనెను. మనలో ఆ మెత్తదనమును శాస్త్రజ్ఞానముతో కలిపి వాడుకొనినవారు ఘంటసాలవారు. 1953లోని దేవదాసు పాటలను తలచుకొనుడు. సుబ్బురామన్ గారి సంగీతము, పాడునది త్రాగుబోతు. ఆ మత్తు వినబడును గాని ఒక్క అక్షరమును తూలదు.

సినిమాలలో వారి ఉన్నతిని నేను త్వరగా దాటెదను. బాలరాజు 1948లోను, కీలుగుర్రము, మనదేశము 1949లోను, పాతాళభైరవి 1951లోను వచ్చినవి. మనదేశము, కీలుగుర్రము, పాతాళభైరవి చిత్రములకు సంగీతదర్శకులును వారే. 1957లోని మాయాబజారునకు రాజేశ్వరరావుగారు కొన్ని వరుసలు కట్టి విరమింపగా, తక్కిన భారమును ఘంటసాలవారు వహించి పూర్తిచేసిరి. నందమూరి తారకరామారావుగారికిని, అక్కినేని నాగేశ్వరరావుగారికిని ఇరువురకును వీరే పాడిరి. రామారావుగారికి పాడునపుడు కంఠమునకు కొంత గాంభీర్యము చేర్తురు. నాగేశ్వరరావుగారికి అదే కంఠము సన్నగిలి మార్దవము పొందును. తెర చూడకయే ఎవరి పాట యేదో చెప్పువారు మన పల్లెలలో వేలమంది కలరు.

ఇక పద్యము.

పద్యనాటకము చూడని పెద్దలు మీలో ఉండరు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను తెల్లవారువరకు చూచి, తెల్లవారిన పిమ్మట పొలమునకు పోయినవారు మీరు. కల్యాణం రఘురామయ్యగారి వంటివారు, మన పీసపాటి నరసింహమూర్తిగారి వంటివారు పద్యమును ఏ ఎత్తునకు కొనిపోయిరో నేను చెప్పనక్కరలేదు. కాని వారి వెంబడి వచ్చిన అనుకర్తలెందరో రాగమునకు పద్యమును బలియిచ్చిరి. చివరి అచ్చును పట్టుకొని అయిదు నిమిషములు సాగదీయుట, సభలోనివారు వన్స్‌మోర్ అని కేకలువేయుట, మరల మొదటినుండి అదియే! పద్యము ముగియునప్పటికి కృష్ణుడు సంధికి వచ్చెనో, యుద్ధమునకు వచ్చెనో తెలియదు. మరొక దోషము ఇంతకంటె చెడ్డది. పాదము ముగియుచోటనెల్ల ఆగి రాగము తీయుట. మన వృత్తములలో పాదము ముగిసినంత మాత్రమున మాట ముగియవలెనను నియమము లేదు. సంస్కృతమున యతి విరామస్థానము. తెలుగున యతి అక్షరమైత్రియే గాని విరామము కాదు. తెలుగు కవి ఒక మాటను సగము ఈ పాదమున, సగము వచ్చు పాదమున నిలుపును. పాదాంతమున ఆగువాడు ఆ మాటను నడుమ నరికివేసినట్లే.

ఘంటసాలవారు ఏమి చేసిరి? జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు, అనగా కరుణశ్రీగారు, ఉదయశ్రీ కావ్యమున పుష్పవిలాపమను ఖండికను రచించిరి. కథ మీకు తెలిసినదే: దేవుని పూజకై పూలు కోయబోయిన భక్తునితో ఆ పూవులే తమ మొర చెప్పుకొనును. అందు మొదటి పద్యము ఉత్పలమాల, పాదమునకు ఇరువది యక్షరములు. దాని మొదటి పాదము తుదిని ఒక మాట సగములో తెగి రెండవ పాదమున పూర్తియగును. ఘంటసాలవారి రికార్డును శ్రద్ధగా వినుడు. అచ్చట వారు ఆగరు. ఆ మాట పూర్తియగువరకు శ్వాసను బిగబట్టి, అర్థము ముగిసినచోట ఆగుదురు. రాగము పద్యమునకు ముందు కొంచెము, భావము నిలిచినచోట కొంచెము. ఛందస్సు చెడదు, అర్థమును చెడదు. పలుకుటలో పూవుల జాలి వినబడును. నేను భాషాప్రవీణకు చదివిన దినములలో అన్వయక్రమమని ఏడాదిపాటు నేర్చిన విషయమును ఆ మూడు నిమిషముల రికార్డు చెవులకు చూపుచున్నది.

మూడు నిమిషములంటిని. ఇదియు నొక కారణమే యనుకొందును. ఆ కాలపు గ్రామఫోను రికార్డు నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగును. ఒక ప్రక్క మూడు నిమిషములు, మూడున్నర నిమిషములు మాత్రమే పట్టును. అయిదు నిమిషముల రాగమునకు అందు చోటులేదు. ఇరుకు యిల్లు సామాను తగ్గించునట్లు ఆ యంత్రము పద్యమునుండి అనవసరమైన దానిని తీసివేసినది. కాని అదే యంత్రము ముందు పాడిన యితరులు పద్యమును గబగబ చదివి ముగించిరి. ఏది ఉంచవలెనో, ఏది విడువవలెనో తెలియుట గాయకుని వివేకమే.

మా యారాడ విశాఖపట్టణపు రేవునకు దక్షిణమున, కొండకు ఆవలివైపున, సముద్రపుటొడ్డున నున్న పల్లె. నా చిన్ననాట శ్రీరామనవమి పందిరికి పట్టణమునుండి మైకుసెట్టు తెచ్చెడివారు. తాటాకు పందిరిమీద గొట్టము కట్టి, రాత్రి రెండుజాములవరకు రికార్డులు వేసెడివారు. మా వీథిలో వల అల్లుకొనుచు బ్రతుకు ముసలాయన ఒకడు ఉండెను. వ్రాలు చేయుట రాదు, వేలిముద్రయే. కాలేజీ సెలవులలో నేను వచ్చినపుడు ఆయన వల అల్లుచు పుష్పవిలాపమును మొదటినుండి తుదివరకు తప్పులేకుండ పాడుట వింటిని. సమాసములు విరుగలేదు, గురులఘువులు తారుమారు కాలేదు. "తాతా, ఈ పద్యమునకు అర్థము తెలియునా?" అని అడిగితిని. ఆయన నావైపు జాలిగా చూచి, "పూలు ఏడుస్తున్నాయి బాబూ, అర్థమేటి ఇంకా" అనెను. నాతో చదివిన సహాధ్యాయులలో ఈపాటి వ్యాఖ్యానము చేయగలవారు ఇద్దరో ముగ్గురో.

పద్యము మన దేశమున పండితుల సొత్తు కాదు. పోతన పద్యము, వేమన పద్యము, సుమతి పద్యము చదువురానివారి నాలుకలమీదనే శతాబ్దములు బ్రతికినవి. వీథిబడులు పోయి, పురాణకాలక్షేపములు తగ్గి, నాటకములు మూలబడిన కాలమున ఆ నాలుకలకు పద్యము నందించు దారి మూసికొనిపోవుచుండెను. ఆ దారిని మరల తెరచినది సినిమాయు, గ్రామఫోనును. 1963లో వచ్చిన లవకుశకు సంగీతదర్శకులు ఘంటసాలవారు. అందు లీలగారు, సుశీలగారు పాడిన రామాయణగానమును విని, బండ్లు కట్టుకొని పట్టణములకు పోయి చూచినవారిలో రామాయణమును చదివినవారు ఎందరు? ఆ సంవత్సరముననే నర్తనశాలయు వచ్చెను. సుసర్ల దక్షిణామూర్తిగారి సంగీతము, పద్యములు ఘంటసాలవారివి.

మా పండితమిత్రులొకరు నాతో వాదించుచు, "ఆయన రాగములు శుద్ధములు కావు, కచ్చేరి చేయవలసిన విద్య సినిమాలపాలు చేసెను" అనిరి. మొదటిమాట కొన్ని పాటలయెడ నిజమే. సినిమావరుసలలో రాగము పొలిమేర దాటుట సామాన్యము, దాటవలెనని దర్శకుడు కోరుటయు సామాన్యము. రెండవ మాటను నేనొప్పుకొనను. కచ్చేరికి వచ్చు రెండువందలమంది రసికులను వీరు విడిచినది నిజమే. ఆ రెండువందలమందికి పాడువారు మరి పలువురు ఉండిరి. వల అల్లు తాతకు పాడువారు ఎవరుండిరి? సినిమాలలో బూతునకు దగ్గరి పాటలు కూడ వచ్చుచున్నవి, పిల్లలు చెడుచున్నారు అని మీరనవచ్చును. ఆ మాట నేనును పంచాయతీ అరుగుమీద పలుమారు అనియున్నాను. అందులకు మందు, మంచి రికార్డు ఏదియో ఎరిగి దానిని వేయించుటయే గాని మైకు గొట్టమును దించుట కాదు.

1970లో భారత ప్రభుత్వము వీరిని పద్మశ్రీతో సన్మానించినది. 1971లో ఐరోపా, అమెరికా దేశములకు పోయి అచ్చటి తెలుగువారికి పాడివచ్చిరి. అప్పటికే మధుమేహము, హృద్రోగము శరీరమును క్రుంగదీసినవి. ఆ దినములలో వారు తలపెట్టిన పని భగవద్గీత.

గీతలో శ్లోకములు ఏడువందలు. అందు నూరింటికి కొంచెము పైగా ఎన్నుకొని, శ్లోకములను వేరువేరు రాగములలో పాడి, వెంటనే తెలుగు తాత్పర్యమును తామే గద్యమున పలికిరి. ఇందు నేను మెచ్చునది రాగముకంటె ఉచ్చారణము. ముప్పది సంవత్సరములకు పైగా పాఠము చెప్పితిని. శ, ష, స మూడింటిని వేరువేరుగా పలుకు పిల్లవానిని తయారుచేయుట ఎంత కష్టమో నాకు తెలియును. శాంతి అనమన్న సాంతి యందురు, ధర్మము అనమన్న దర్మమందురు. వత్తులు తెలుగునోట నిలువవు. ఆ రికార్డును తరగతిలో పెట్టి, ఒక్కొక్క శ్లోకము వినిపించి, పిల్లలచేత పలికించితిని. నేను పదిమార్లు చెప్పిన దానికి రాని మహాప్రాణము ఆ కంఠము వెంట రెండు మార్లలో వచ్చెను. సంస్కృతము తెలియనివానికి శ్లోకము భయము కలిగింపక, వెనువెంటనే తెలుగుమాట చేయిపట్టుకొని నడిపించును. వ్యాఖ్యానగ్రంథములు ఎన్నియో కలవు. అవి అరలలో నున్నవి.

ఆ రికార్డు వెలువడుటను చూచు భాగ్యము వారికి లేదయ్యెను. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన, నిండ యేబది రెండేండ్లు రాకముందే, చెన్నపట్టణమున కన్నుమూసిరి.

గ్రామపెద్దలారా, ఇచ్చట మీతో ఒక మాట ఆడవలసియున్నది. మన పల్లెలలో ఈ గీత రికార్డు ఎప్పుడు వినబడుచున్నది? ఎవరైన పోయినప్పుడు. గొట్టము నుండి ఆ కంఠము వినబడగానే "ఎవరింట?" అని యడుగుట వాడుకయైనది. యుద్ధము మానెదనని కూలబడినవానిని లేపి నిలువబెట్టుటకు చెప్పిన గ్రంథము, ఇక లేవనివాని ప్రక్కన మ్రోగుచున్నది! దుఃఖములో నున్నవారికి ఊరట కలుగును, కాదనను. కాని పెండ్లియింటివారు దానిని అపశకునమని ఆపించుట నేను కన్నులార చూచితిని. మా యూరి రామమందిరమున తెల్లవారుజామున దినమునకు ఒక అధ్యాయము చొప్పున వేయుదమని నేను చెప్పినపుడు, మొదట పెద్దలే అడ్డుపడిరి. "తెల్లవారకముందే చావుపాట యేమిటి?" అనిరి. రెండు నెలలు పోరాడవలసివచ్చెను. ఇప్పుడు వేయుచున్నాము. కడలికి పోవువారు పడవలు నెట్టువేళకు సాంఖ్యయోగము వినబడుచున్నది. కొందరికి ఇంకను ఇష్టములేదు.

నాకిచ్చిన కాలము కావచ్చినది గాని, విజయనగరపు గురువుగారి మాట ఒకటి మిగిలినది. సీతారామశాస్త్రిగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు. వీరును గొప్ప విద్వాంసులు, హార్మోనియము వాయించుటలో దిట్ట. గురువునింట మధుకరముతో చదివిన శిష్యుడు చెన్నపట్టణమున సంగీతదర్శకుడైనపుడు, ఆ గురుపుత్రుని తన చెంతకు రప్పించుకొనెను. సంగీతరావుగారు ఘంటసాలవారి తుదిదినములవరకు వారికి సహాయకులుగా పనిచేసిరి. వారు నూరేండ్లు నిండ జీవించి 2021లో కాలధర్మము చెందిరి.